ఆస్పత్రి నేలకు ఏ మాప్ కొనాలి: ధర కంటే ముందు అది ఎక్కడ ఆరుతుందో చూసుకోండి

తిరుపతిలోనో చిత్తూరులోనో పది పడకల నర్సింగ్ హోమ్‌కి నేల తుడిచే సామాను కొనాలని దుకాణానికి వెళ్తే ముందు మూడు నాలుగు రకాలు పెడతారు. ఒకే బకెట్‌తో వచ్చే నూలు మాప్, చక్రాల బండి మీద మూడు బకెట్లు, మైక్రోఫైబర్ ప్యాడ్‌ల ఫ్లాట్ మాప్, ఇంకాస్త లోపలికి వెళ్తే నేలను తోమి నీళ్లు లాగేసే, బ్యాటరీతో నడిచే స్క్రబ్బర్ డ్రైయర్. అన్నీ "హాస్పిటల్ క్వాలిటీ" అనే అంటారు. ధర చూసి తేల్చుకోవడం తేలికే. కానీ ఆస్పత్రి నేల శుభ్రంగా ఉంటుందా లేదా అన్నది మాప్ ధర తేల్చదు. సాయంత్రం పని అయ్యాక ఆ మాప్ ఎక్కడ ఉతుకుతారు, పొద్దున్నకి ఆరుతుందా అన్నదే తేలుస్తుంది.

తడిగా బకెట్‌లో వదిలేసిన మాప్‌లో రాత్రికి రాత్రే సూడోమోనాస్, అసినెటోబాక్టర్ లాంటి బ్యాక్టీరియా పెరిగిపోతాయి. మర్నాడు దాంతో తుడిస్తే ఒక గదిలోని సూక్ష్మజీవుల్ని పది గదులకు పంచినట్టే. మన ఊళ్లలో ఇది ఇంకా ముఖ్యం. రోగి తాలూకు వాళ్లు వరండాలో చాప పరుచుకుని పడుకుంటారు, అన్నం మూట విప్పి అక్కడే తింటారు, పసిపిల్లలు నేల మీద పాకుతారు.

ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, గదుల ప్రమాద స్థాయి. ఆస్పత్రుల శుభ్రత కోసం కేంద్ర ఆరోగ్య శాఖ 2015లో మొదలుపెట్టిన కాయకల్ప్ పథకం ఆస్పత్రిని మూడు భాగాలుగా చూస్తుంది. ఆపరేషన్ థియేటర్, ఐసీయూ, కాన్పు గది, ఎమర్జెన్సీ, ఐసొలేషన్ ఎక్కువ ప్రమాదమున్నవి. వార్డులు, ల్యాబ్ మధ్యరకం. ఆఫీసు, స్టోరు తక్కువ ప్రమాదమున్నవి. మూడింటికీ ఒకే మందు (నేల మీది క్రిములను చంపే ద్రావణం), ఒకే మాప్ అక్కర్లేదు. ఆఫీసు గదికి రోజూ క్లోరిన్ పోయడం డబ్బు దండగ, తుడిచేవాళ్ల ఊపిరితిత్తులకూ చేటు. అక్కడ డిటర్జెంట్ నీళ్లు చాలు.

రెండోది, ఉతికే చోటు. వేడినీళ్ల వాషింగ్ మెషీన్ ఉందా? లేకపోతే ఎండ తగిలే డాబా అయినా ఉందా? చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వానలు పడతాయి. ఆ రోజుల్లో డాబా మీద వేసిన నూలు రీఫిల్ (మాప్ కర్రకు మార్చి మార్చి తగిలించే నూలు భాగం) రెండు రోజులైనా ఆరదు. వేసవిలో గంటన్నరలో కరకరలాడే వస్తువే నవంబరులో ముక్కిన వాసన కొడుతుంది. కొనేటప్పుడు లెక్క నవంబరుకే వేసుకోవాలి.

మూడోది, నీళ్లు. బోరునీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉన్న చోట సబ్బు నురగ రాదు, క్వాటర్నరీ అమ్మోనియం అనే రకం క్రిమినాశక మందుల బలమూ తగ్గుతుంది.

నాలుగోది, నేల. విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్ మీద దాదాపు ఏదైనా నడుస్తుంది. పాత భవనాల్లో ఉండే కడప బండ సున్నపురాయి జాతిది. దాని మీద, మొజాయిక్ మీద, పాలరాయి మీద యాసిడ్ పడితే పైపొర తినేసి గరుకు తేలుతుంది. ఆ గరుకులో మురికి దిగాక ఏ మాప్‌తోనూ రాదు. గచ్చు పగుళ్లు, టైల్స్ మధ్య ఊడిన సందులు ఉంటే కొత్త మాప్ కొనేముందు మేస్త్రీని పిలవండి.

ఐదోది, తుడిచే మనిషి. ఒక్క ఆయా మూడంతస్తులు చూసుకునే చోట మూడు బకెట్ల బండిని మెట్ల మీద ఎక్కించమనడం కాగితం మీద మాత్రమే కుదురుతుంది.

ఒక్క చూపులో

| అంశం | ఒకే బకెట్ నూలు మాప్ | మూడు బకెట్లు, నూలు మాప్ | మైక్రోఫైబర్ ఫ్లాట్ మాప్ | స్క్రబ్బర్ డ్రైయర్ |
|---|---|---|---|---|
| మొదటి ఖర్చు | చాలా తక్కువ | మధ్యస్థం | కొంచెం ఎక్కువ, ప్యాడ్‌ల సంఖ్యను బట్టి | చాలా ఎక్కువ |
| గది నుంచి గదికి మురికి మోయడం | ఎక్కువ | నీళ్లు మారుస్తుంటే తక్కువ | గదికో ప్యాడ్ అయితే అతి తక్కువ | ట్యాంకు శుభ్రంగా ఉంటే తక్కువ |
| నీటి వాడకం | మధ్యస్థం | ఎక్కువ | తక్కువ | మధ్యస్థం |
| క్లోరిన్ తట్టుకోవడం | బాగా | బాగా | తొందరగా పాడవుతుంది | మెషీన్‌ను బట్టి |
| ఆరడం | నెమ్మది | నెమ్మది | త్వరగా | ట్యాంకులు తెరిచి ఉంచాలి |
| మంచం కింద, మూలల్లో | కష్టం | కష్టం | సులువు | కుదరదు |
| ఎవరికి | రోగులు లేని చోటికే | ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, చిన్న నర్సింగ్ హోమ్ | ఐసీయూ, డయాలసిస్, డెంటల్, ఐదు గదులు దాటిన చోటు | పెద్ద హాళ్లు, పొడవాటి వరండాలు |

పట్టికలో చీపురు లేదు. రోగులుండే గదుల్లో పొడి చీపురు వద్దని కాయకల్ప్ మార్గదర్శకాలే చెబుతాయి. చీపురు దుమ్ము లేపుతుంది, ఆ దుమ్ము కట్టుకట్టిన పుండ్ల మీద, సెలైన్ గొట్టాల మీద వాలుతుంది. పొడి దుమ్ముకు డస్ట్ మాప్ వాడండి, లేదా కాస్త తడిపిన ఫ్లాట్ మాప్. చీపురు ఆవరణకే పరిమితం.

ఒకే బకెట్: ఎందుకు వద్దంటే

మొదటి గదిలో తుడిచిన మాప్‌ని బకెట్‌లో ముంచగానే ఆ మురికి మందునీళ్లలో కలుస్తుంది. హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్, మురికితో తగిలితే బలం పోగొట్టుకుంటుంది. రక్తం, చీము, మట్టి, మిగిలిపోయిన సబ్బు, ఏదైనా క్లోరిన్‌ని తినేస్తుంది. మూడో గదికి వచ్చేసరికి బకెట్‌లో ఉన్నది వాసన కొట్టే మురికినీళ్లు. "ఇంకో మూత హైపో పోస్తే సరి" అనుకుంటారు. సరికాదు. మురికి అలాగే ఉంటుంది, కొత్తగా పోసిన మందునూ అదే తింటుంది. ఈ రకం ఆఫీసుకు, మందుల షాపు ముందు భాగానికి సరిపెట్టండి.

మూడు బకెట్ల పద్ధతి

ఒక బకెట్‌లో డిటర్జెంట్ నీళ్లు, ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో మందునీళ్లు. డిటర్జెంట్‌లో ముంచి, పిండి, తుడవాలి. మాప్‌ని మంచినీళ్లలో జాడించి, గట్టిగా పిండి, మళ్లీ డిటర్జెంట్. గది మొత్తం అయ్యాక ఇంకోసారి జాడించి, పిండి, అప్పుడు మందునీళ్లలో ముంచి తుడవాలి. గది లోపలి మూల నుంచి తలుపు వైపుకి, ఎనిమిది అంకె వేసినట్టు, వెనక్కి నడుస్తూ. ముందుకూ వెనక్కూ తోస్తే మురికి అంచులకు చేరుతుంది తప్ప మాప్‌లోకి రాదు.

మందు తగిలిన నేల కనీసం పది నిమిషాలు తడిగా ఉండాలి. మే నెలలో ఫ్యాను కింద మూడు నిమిషాల్లో ఆరిపోతుంది. అందుకే ఎక్కువ ప్రమాదమున్న గదుల్లో తుడిచే ముందు ఫ్యాను ఆపాలి, అవసరమైతే రెండోసారి తడపాలి. గ్రానైట్ తడిస్తే జారుతుంది, హెచ్చరిక బోర్డు పెట్టకుండా మొదలుపెట్టకూడదు. తుంటి ఎముక విరిగిన ముసలాయన్ని నడిపించే వార్డులో సగం వెడల్పు తుడిచి, ఆరాక మిగతా సగం తుడవడం మేలు.

నీళ్లు మూడు గదులకోసారి మార్చాలి, ఎలా చూసినా గంట దాటనివ్వకూడదు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మూడు బకెట్లు కొంటారు, పొద్దున పోసిన నీళ్లే మధ్యాహ్నం దాకా తిప్పుతారు. అప్పుడది మూడు రెట్లు బరువున్న ఒకే బకెట్ పద్ధతి అవుతుంది. అంతస్తుకో కుళాయి, మురికినీళ్లు పారబోసే గుంట లేని భవనమైతే ఈ పద్ధతి ఎంచుకోకండి.

రీఫిల్ లెక్క ఇలా వేసుకోండి. ఐదు గదులు, వరండా, ఒక కాన్పు గది, మరుగుదొడ్లు ఉన్న చోట పూటకు గదులకు రెండు, వరండాకు ఒకటి, కాన్పు గదికి విడిగా ఒకటి, మరుగుదొడ్లకు రెండు కావాలి. పూటకు ఆరు, రోజుకు పన్నెండు. అలాంటి పన్నెండు వాడకంలో, పన్నెండు ఉతుకులో, పన్నెండు ఆరి అల్మారాలో ఉండాలి. మొత్తం ముప్పై ఆరు. రెండు రీఫిళ్లతో సంవత్సరం లాగే చోట బండి ఎంత ఖరీదైనదైనా ఫలితం లేదు.

మైక్రోఫైబర్ ఫ్లాట్ మాప్

ఇక్కడ పద్ధతే వేరు. బకెట్‌లో ముంచడం లేదు. ఉతికి ఆరిన ప్యాడ్‌లను మందునీళ్లలో ముందే నానబెట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టుకుంటారు. గదికో ప్యాడ్. వాడింది సంచిలో పడుతుంది, డబ్బాలోకి తిరిగి రాదు. మురికి మందుతో కలిసే అవకాశమే లేదు కాబట్టి మందు బలం చివరి గది దాకా నిలుస్తుంది. ఒక ప్యాడ్‌తో సుమారు 20 చదరపు మీటర్లకు మించి లాగకండి.

బరువు తక్కువ, మంచం కిందికి పోతుంది, నేల త్వరగా ఆరుతుంది. రోజంతా తుడిచే ఆయా నడుముకి ఈ తేడా తెలుస్తుంది.

ఇబ్బందులు రెండు. మొదటిది క్లోరిన్. ఈ దారంలో పాలిస్టర్‌తో పాటు పాలీఅమైడ్ కూడా ఉంటుంది. దాన్ని హైపో తినేస్తుంది. రోజూ హైపోలో నానబెడితే ప్యాడ్ బిరుసెక్కి, కొద్ది నెలల్లో మామూలు గుడ్డ అయిపోతుంది. ఈ మాప్ ఎంచుకుంటే రోజువారీ మందుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ రకంగానీ, క్వాటర్నరీ అమ్మోనియం రకంగానీ ఎంచుకోండి. తప్పనిసరిగా క్లోరినే కావాల్సిన గదులకు క్లోరిన్ తట్టుకుంటుందని తయారీదారు రాసిన ప్యాడ్‌లు అడగండి, లేదా నూలు మాప్‌నే ఉంచండి.

రెండోది ఉతుకు. ప్యాడ్‌లని నూలు బట్టలతో కలిపి వేస్తే వాటి పీచు దారాల మధ్య చిక్కుకుంటుంది. బట్టలు మెత్తబడేందుకు పోసే కండిషనర్ దారాలకు పూత పూసేస్తుంది, ఇక అది మురికి పట్టదు. ఈ రెండు తప్పులూ మొదటి నెలలోనే జరుగుతాయి. తర్వాత "మైక్రోఫైబర్ మనకు పనికిరాదు" అని ప్యాడ్‌లు మూలన పడేస్తారు.

సంఖ్య కూడా ఎక్కువే కావాలి. పైన చెప్పిన చోటే గదులకు ఐదు, వరండాకు మూడు, కాన్పు గదికి ఒకటి, మరుగుదొడ్లకు నాలుగు. పూటకు పదమూడు, రోజుకు ఇరవై ఆరు, మూడు రెట్లు వేస్తే డెబ్బై ఎనిమిది. దుకాణంవాడు ఒక కర్రతో రెండు ప్యాడ్‌లు ఉచితమని ఇచ్చేది ఇళ్లకు.

పిచికారీ సీసా కర్రకే తగిలించిన స్ప్రే మాప్‌లు కూడా ఈ జాతివే. డెంటల్ క్లినిక్, కంటి క్లినిక్ లాంటి ఒకటి రెండు గదుల చోటికి బాగుంటాయి. సీసా సగం ఖాళీ అయ్యాక పైనుంచి మళ్లీ నింపకండి. ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, అప్పుడు నింపాలి. పలచబరిచిన క్వాటర్నరీ మందుల్లోనే కొన్ని బ్యాక్టీరియా బతికి పెరగగలవు.

స్క్రబ్బర్ డ్రైయర్

తిరుపతిలోని రుయా, స్విమ్స్ లాంటి పెద్ద ఆస్పత్రుల పొడవాటి వరండాలకు ఇది పని. బ్రష్ తిరుగుతూ తోముతుంది, వెనక రబ్బరు పట్టీ మురికినీళ్లను లాగేస్తుంది, నేల దాదాపు పొడిగా మిగులుతుంది. చిన్న నర్సింగ్ హోమ్‌లో ఇది మూలన కూర్చుంటుంది. కొన్నా మురికినీళ్ల ట్యాంకు సంగతి మరవకండి. రోజూ ఖాళీ చేసి, కడిగి, మూత తెరిచి ఆరబెట్టాలి. మూత బిగించి వదిలేస్తే మర్నాడు పొద్దున వాసనే చెబుతుంది. రబ్బరు పట్టీ అంచు అరిగితే నీటి చారలు మిగులుతాయి. పట్టీని తిప్పి వేసుకునే వీలున్న మోడల్ అడగండి.

మందు ఎంపిక, కలిపే లెక్క

హైపో మార్కెట్‌లో సాధారణంగా 4 నుంచి 6 శాతం, కొన్నిచోట్ల 10 శాతం బలంతో వస్తుంది. లెక్క ఒక్కటే: సీసా మీది శాతాన్ని కావాల్సిన శాతంతో భాగించి, ఒకటి తీసేస్తే ఒక వంతు హైపోకి ఎన్ని వంతుల నీళ్లో వస్తుంది. 5 శాతం హైపోతో:

| కావాల్సిన బలం | 10 లీటర్లకు హైపో | నీళ్లు | ఎక్కడ |
|---|---|---|---|
| 0.05% | 100 మి.లీ. | 9.9 లీ. | ఉతికిన నూలు రీఫిళ్లు నానబెట్టడానికి |
| 0.1% | 200 మి.లీ. | 9.8 లీ. | వార్డు నేల |
| 0.5% | 1 లీ. | 9 లీ. | ఐసొలేషన్, మరుగుదొడ్లు |
| 1% | 2 లీ. | 8 లీ. | రక్తం ఒలికిన చోట |

బ్లీచింగ్ పౌడర్ అయితే సుమారు 30 శాతం క్లోరిన్ ఉంటుంది. లీటరుకు 3 గ్రాములు కొంచెం దాటితే 0.1%, 33 గ్రాములు వేస్తే 1%. గడ్డకట్టిన పౌడర్, మూత తీసి నెలలైన పౌడర్ ఈ లెక్కకు రాదు. మడ్డి దిగాక పైన తేటే వాడాలి, లేకపోతే నేల మీద తెల్ల చారలు పడతాయి.

మన వేసవి హైపోకి శత్రువు. ఎండ పడే కిటికీ పక్కన, మెట్ల కింద వేడి స్టోరులో పెట్టిన క్యానులోని హైపో, దాని మీద రాసిన బలాన్ని నిలబెట్టుకోదు. చవకని యాభై లీటర్ల డ్రమ్ము తెచ్చేకంటే తయారీ తేదీ చూసి ఐదు లీటర్ల క్యాన్లు తెచ్చుకోవడం నయం. కలిపిన నీళ్లు ఆ పూటకే.

ఫినాయిల్ సంగతి చెప్పకపోతే ఈ పోలిక పూర్తికాదు, ఎందుకంటే ఊళ్లో "ఆస్పత్రి వాసన" అంటే అదే. తెల్ల ఫినాయిల్ పైన్ నూనె వాసన ఇస్తుంది, వార్డు నేలకు మందుగా దాన్ని నమ్ముకోలేం. నల్ల ఫినాయిల్‌కి బలం ఉంది గానీ అది మురికి కాలువలకు, ఆవరణకు. పసిబిడ్డల వార్డులో ఫినాల్ జాతి మందులు అసలే వద్దు, నవజాత శిశువుల్లో కామెర్లు పెరిగే ప్రమాదం ఉంది.

క్వాటర్నరీ అమ్మోనియం మందుల సీసా మీద తరచు బెంజల్కోనియం క్లోరైడ్ అని కనిపిస్తుంది. వాసన తక్కువ, లోహాన్ని తినవు. నూలు మాప్‌తో మాత్రం వాడకండి, నూలు ఈ మందును పీల్చి పట్టేసుకుంటుంది, నేలకు చేరేది తక్కువ. సబ్బు మిగిలిన నేల మీద కూడా పనిచేయవు. పెరాక్సైడ్ రకం వాసన లేనిది, మైక్రోఫైబర్‌కి సరిపడుతుంది, ధర ఎక్కువ.

హైపోని మరుగుదొడ్ల యాసిడ్‌తో ఎప్పుడూ కలపకండి, ఒకదాని వెనక ఒకటి కూడా పోయకండి. క్లోరిన్ వాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. రెండింటినీ ఒకే అరలో పెట్టకపోవడమే మేలు. మూత్రం ఎక్కువగా ఒలికిన చోట కూడా ముందు గుడ్డతో అద్ది తీసేశాకే క్లోరిన్.

రక్తం ఒలికితే వార్డు మాప్ ముట్టుకోకూడదు. గ్లవ్స్ వేసుకుని, గాజుపెంకులుంటే ఫోర్సెప్స్‌తో తీసి, పాత గుడ్డో టిష్యూనో కప్పి, 1% హైపో పోసి, పది నిమిషాలు ఆగి, ఆ గుడ్డను పసుపు సంచిలో వేసి, తర్వాత డిటర్జెంట్‌తో, చివర మళ్లీ మందుతో తుడవాలి.

సామాను శుభ్రం

నూలు రీఫిల్‌ని వేడినీళ్ల మెషీన్‌లో ఉతికితే నీళ్లు 71 డిగ్రీల సెల్సియస్ దగ్గర 25 నిమిషాలు ఉండాలి. అంత వేడి రాని చోట డిటర్జెంట్‌తో ఉతికి, 0.05% హైపోలో అరగంట నానబెట్టి, జాడించి, ఎండలో వేయాలి. మైక్రోఫైబర్‌కి ప్యాడ్ చీటీ మీద రాసిన వేడి దాటకూడదు. రోగుల దుప్పట్లతో కలిపి ఏదీ ఉతకవద్దు.

బకెట్లు, పిండే భాగం పూట అవ్వగానే డిటర్జెంట్‌తో తోమి, మందునీళ్లతో కడిగి, బోర్లించాలి. పిండే భాగం స్ప్రింగుల మధ్య, చక్రాల ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకల్లో జిగురు పేరుకుంటుంది. వారానికోసారి అది విప్పి తీయాలి. మాప్ కర్రని కూడా తుడవాలి, చేతులు పడేది దానికే. ఆరబెట్టేటప్పుడు రీఫిల్ నేలకు తగలకుండా కొక్కేనికి వేలాడాలి. వానాకాలానికి గాలాడే గదిలో తీగ కట్టి, ఒక ఫ్యాను వదిలితే చాలా తేడా వస్తుంది.

రంగులు కూడా ముందే తేల్చుకోండి. మరుగుదొడ్లకు ఎరుపు, ఐసొలేషన్‌కి పసుపు, వార్డులకు నీలం అని చాలాచోట్ల పెట్టుకుంటారు. మీరు ఏది పెట్టుకున్నా చార్టు గోడ మీద తెలుగులో ఉండాలి, రాత్రి డ్యూటీ మనిషికీ తెలియాలి.

మీది ఏ రకం చోటు?

మండలంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, ఒకే అంతస్తు, ఎండ బాగా తగిలే ఆవరణ: మూడు బకెట్లు, నూలు, హైపో. రీఫిళ్ల సంఖ్య తగ్గించకండి.

రెండు మూడు అంతస్తుల నర్సింగ్ హోమ్, మెషీన్ పెట్టే చోటు ఉంది: వార్డులకు మైక్రోఫైబర్, మరుగుదొడ్లకూ రక్తం ఒలికే గదులకూ నూలు. రెండూ కలిపి నడపడంలో తప్పు లేదు.

మెషీన్ లేదు, డాబా కూడా లేదు, అద్దె భవనం: మైక్రోఫైబర్ ఎంచుకుని ఉతుకు బయటి లాండ్రీకి ఇవ్వండి. వాడిన ప్యాడ్‌లు మూసిన సంచిలో వెళ్లాలి, ఉతికినవి వేరే సంచిలో రావాలి. హోటల్ బట్టలతో కలిపి ఉతికే చోటైతే ఇవ్వకండి.

డయాలసిస్, ఐసీయూ: గదికో ప్యాడ్ కూడా చాలదు, పడకకో ప్యాడ్.

వృద్ధాశ్రమం: డిటర్జెంట్‌తో ఫ్లాట్ మాప్, విరేచనాలో వాంతులో ఉన్నప్పుడే క్లోరిన్. జారి పడటం ఇక్కడ ఇన్‌ఫెక్షన్ కంటే దగ్గరి ప్రమాదం కాబట్టి నేల త్వరగా ఆరే రకమే ముందు.

శుభ్రం పని కాంట్రాక్టుకి ఇచ్చిన చోట "మాప్‌లు కాంట్రాక్టరే తేవాలి" అన్న ఒక్క వాక్యంతో వదిలేయకండి. రీఫిళ్లు ఎన్ని, ఎన్ని నెలలకు మార్చాలి, ఎక్కడ ఉతకాలి, పొద్దున డ్యూటీ మొదలయ్యేసరికి అల్మారాలో ఎన్ని పొడి రీఫిళ్లు ఉండాలి, ఈ నాలుగూ ఒప్పందంలో అంకెలతో రాయించండి. పొద్దున ఏడింటికి అల్మారా తెరిచి చేత్తో తాకి చూసే పని మాత్రం మీ నర్సింగ్ ఇన్‌ఛార్జిదే.